నగరమున బస ఎక్కడ?

మన ఊళ్లనుండి మహానగరమునకు పోవువారు మొదట ఆలోచించునది రైలు టిక్కెట్టును గూర్చి, రెండవది బసను గూర్చి. టిక్కెట్టు వెలను మనము మార్పజాలము. బస విషయమున మాత్రము ఎన్నిక మనచేతిలో నున్నది. నగరము నడుమ నున్న వసతిగృహములలో గది అద్దె ఎక్కువ. నగరపు అంచున నున్నవానిలో తక్కువ. తక్కువ అద్దె గలదే మేలని కొందరును, ఖర్చైనను నడుమ నుండుటయే సుఖమని మరికొందరును వాదింతురు. ఇరువురును సగము సత్యమే చెప్పుచున్నారు. ఏలయన, అద్దె యన్నది గది యొక్క వెల మాత్రమే కాదు. అందు దూరము యొక్క వెలయు కలిసియుండును. ఆ దూరపు వెలను గదితోపాటు ఒక్కమారే చెల్లింతుమా, లేక దినదినమును రైలుకును, టాక్సీకిని, కాళ్ల నొప్పులకును కొంచెము కొంచెముగా చెల్లింతుమా యన్నదే అసలు ప్రశ్న.

ఇచ్చట ఒక మాట. మన వాడుకలో హోటలనగా ఇడ్లీలును భోజనమును దొరకు చోటు; రాత్రి పండుకొను చోటును లాడ్జి యనియో, సత్రమనియో అందుము. ఈ పాఠమున వసతిగృహమని వ్రాసినచోట లాడ్జియనియే గ్రహింపుడు.

నగరము నడుమ అద్దె ఏల పెరుగును? ఈ ప్రశ్నకు చక్కని సమాధానము చెప్పినవాడు నగరవాసి కాడు, ఒక వ్యవసాయదారుడు. జర్మనీ దేశమున వాన్ ట్యూనెన్ అను భూస్వామి 1826లో ఒక గ్రంథమును ప్రకటించెను. ఒక పెద్ద మైదానము, దాని నడుమ ఒక పట్టణము ఉన్నట్లు ఊహింపుడని ఆయన చెప్పెను. పాలు, కూరగాయలు త్వరగా చెడును గనుక వానిని పండించువారు పట్టణమునకు చేరువ నుండగోరుదురు. కట్టెలు బరువైనవి గనుక అడవియు మిక్కిలి దూరమున నుండరాదు. ధాన్యము కొంత దూరమునుండి రాగలదు. పశువులు తమ కాళ్లమీద తామే నడిచి రాగలవు గనుక వానిని మేపువారు అందరికంటె దూరమున నుందురు. పట్టణమునకు దగ్గరనున్న పొలమువానికి బండి కిరాయి మిగులును. ఆ మిగులు కొరకు పదిమంది పోటీపడుదురు. ఆ పోటీయే కౌలును పెంచును. భూసారము ఒక్కటియే యైనను దూరమునుబట్టి కౌలు మారునన్నది ఆయన కనిపెట్టిన విషయము. 1964లో విలియం అలోన్సో అను అమెరికా పండితుడు ఈ లెక్కనే నగరములోని ఇండ్లకును, అంగళ్లకును అన్వయించెను. వసతిగృహపు యజమాని చెల్లించు స్థలపు వెల చివరకు మన గది బిల్లులోనికి వచ్చి చేరును. నగరము నడుమ గది రెట్టింపు ధర పలికినంతమాత్రమున మంచము రెట్టింపు మెత్తగా నుండునని ఎవ్వరును భ్రమపడరాదు. అంచున నున్న గదియే విశాలముగా, గాలి వెలుతురులతో నుండుట తరచుగా చూతుము.

ఈ విషయమును ముంబయి నగరమునందు చూచినంత స్పష్టముగా మరియొకచోట చూడలేము. మన పెద్దలు బొంబాయి యని పిలిచిన నగరమే ఇది. 1995లో పేరు మారినది. పూర్వము ఏడు దీవులుగా నున్న స్థలమును పూడ్చి, కలిపి, ఒకటిగా చేసిరి. పటమును తెరచి చూడుడు: దక్షిణమునకు చాచిన సన్నని చేతివలె నగరము కానవచ్చును. మూడువైపుల సముద్రము. కోట, ఓడరేవు, కచేరీలు, పెద్ద వర్తకశాలలు అన్నియు ఆ చేతి వ్రేళ్ల కొసయందు వెలసెను. కావున ముంబయికి నడిబొడ్డు నడుమ లేదు, కొసన నున్నది. ఇతర నగరములు నాలుగు దిక్కులకు పెరుగును. ఇది ఉత్తరమునకు మాత్రమే పెరుగగలిగెను. అంచున బస చేసినవాడు కొసకు చేరవలెనన్న ముప్పది, నలువది కిలోమీటర్లు ఒకే దారిని, అందరితోపాటు ప్రయాణము చేయవలసి వచ్చును.

వసతిగృహములు ఎచ్చట వెలయునో కూడ ఈ నగరమే చూపుచున్నది. యాత్రికుడు ఏ వాకిటనుండి నగరమును ప్రవేశించునో ఆ వాకిటి చెంతనే బసలు పుట్టును. ఓడలమీద జనులు వచ్చిన కాలమున రేవు ప్రక్కనే 1903లో తాజమహలు హోటలు తెరువబడెను. దాని యెదుటనున్న గేట్‌వే ఆఫ్ ఇండియా అను తోరణము 1924లో పూర్తియైనది. అనగా తోరణముకంటె హోటలే పెద్దది. రైళ్లమీదను జనులు వచ్చుచుండిరి. నేడు ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్ అని పిలువబడు మహాస్టేషను చుట్టును చిన్న లాడ్జీలు గుంపులుగా వెలసెను. తరువాత విమానములు వచ్చెను. విమానాశ్రయము ఉత్తరమున శాంతాక్రూజు, అంధేరి ప్రాంతముల నుండుటచే అచ్చటను గొప్ప వసతిగృహములు లేచెను. అవి నగరపు కొసకు దూరమైనను చవుకవి కావు. దూరమున్నంత మాత్రమున అద్దె తగ్గునని అనుకొనుటకు వీలులేదు. ఎవరికి దూరము, దేనికి దూరము అని అడుగవలెను.

ఇక లెక్కకు వత్తము. తండ్రి, తల్లి, ఇద్దరు పిల్లలు మూడు దినములు ముంబయి చూడబోయిరనుకొందము. కోట ప్రాంతమున గదికి దినమునకు మూడువేల రూపాయలు, ఉత్తరమున బోరివలిలో పదునారు వందలు అనుకొందము. ఇవి లెక్క కొరకు అనుకొన్న అంకెలే. నిజమైన ధరలు కాలమునుబట్టి మారుచుండును. మూడు దినములకు మొదటిది 9,000, రెండవది 4,800. భేదము 4,200 రూపాయలు. బోరివలినుండి చర్చిగేటునకు సుమారు 34 కిలోమీటర్లు. లోకలు రైలుకు ఒకరికి ఒక పర్యాయము 15 రూపాయలైనచో నలుగురికి రాకపోకలకు దినమునకు 120. గదినుండి స్టేషనుకు ఆటో రాకపోకలకు 80. మొత్తము దినమునకు 200, మూడు దినములకు 600. దీనిని గది అద్దెకు కలిపినను 5,400 మాత్రమే. దూరపు గదిని ఎన్నుకొన్నవారు 3,600 రూపాయలు మిగుల్చుకొన్నారు. చవుక బసయే గెలిచినది.

ఇప్పుడు ఆ నలుగురిలో ఒక బాలునికి బదులు మోకాళ్ల నొప్పులుగల అవ్వ ఉన్నదనుకొనుడు. ఆమె స్టేషను మెట్లు ఎక్కలేదు, కిక్కిరిసిన పెట్టెలో నిలువలేదు. టాక్సీ కావలెను. దారి పొడవుననుబట్టి ఒకమారునకు 800 రూపాయలు అనుకొందము. దినమునకు 1,600, మూడు దినములకు 4,800. గది అద్దె 4,800 కలిపిన 9,600. చవుకదనుకొన్న గది కోటలోని గదికంటె ఆరువందలు ఎక్కువైనది! ఆటోలో పోరాదా యని మీరు అడుగవచ్చును. ముంబయిలో ఆటోలను ఉత్తరపు పేటలలోనే నడుపనిత్తురు; పడమట బాంద్రా, తూర్పున సయను దాటి దక్షిణమునకు అవి రావు. ఇట్టి నియమములు అద్దె పట్టికలో వ్రాసియుండవు. గది అదియే, ఊరు అదియే, అద్దె అదియే. పోవువారు మారిన వెంటనే లెక్క తలక్రిందులైనది.

రూపాయల లెక్క ముగిసినను కాలపు లెక్క మిగిలియున్నది. బోరివలి గది తలుపునుండి గేట్‌వే వరకు నడక, ఆటో, రైలు, మరల నడక కలిసి గంటన్నర పట్టుననుకొనిన, రాకపోకలకు దినమునకు మూడు గంటలు. మూడు దినములకు తొమ్మిది గంటలు. గేట్‌వే కడ పడవ ఎక్కి ఎలిఫెంటా దీవికి పోయి, అచ్చటి గుహలలోని మహాశిల్పములను చూచి తిరిగి వచ్చుటకు నాలుగైదు గంటలు చాలును. ఆ కుటుంబము రైలులో గడిపిన కాలమున ఎలిఫెంటాను ఇంచుమించు రెండు మార్లు చూడవచ్చును. అయినను కాలమును అందరును ఒకే త్రాసులో తూచరు. సెలవులకు వచ్చిన బాలునికి లోకలు రైలు ప్రయాణమే ఒక వింత. 1853 ఏప్రిల్ 16న మన దేశమున ప్రయాణికులతో మొదటి రైలు బోరీబందరునుండి ఠాణాకు 34 కిలోమీటర్లు నడిచినది ఈ నగరముననే గదా! అట్టివానికి రైలులో గడిచిన గంట నష్టము కాదు. కచేరీ తెరచు వేళకు అర్జీ పట్టుకొని నిలువవలసినవానికి అది నష్టమే.

ముంబయి దారులలో మరియొక రహస్యము కలదు. దానిని ఎరిగినవారికి సగము శ్రమ తగ్గును. ఉదయము ఎనిమిదినుండి పదకొండు వరకు జనమంతయు ఉత్తరమునుండి దక్షిణమునకు పనులకు పోవుదురు. సాయంకాలము అయిదునుండి ఎనిమిది దాటువరకు అదే జనము దక్షిణమునుండి ఉత్తరమునకు మరలును. సముద్రపు పోటువలె ఇది దినమును తప్పదు. అంచున బస చేసిన యాత్రికుడు ఉదయము ఆ పోటుతోపాటు కొట్టుకొనిపోవలెను, సాయంకాలము ఆ పోటుతోపాటే తిరిగిరావలెను. రెండుమార్లును ఒరిపిడియే. కొసన బస చేసినవాడు ఉత్తరముననున్న కన్హేరి గుహలను చూడదలచి ఉదయము బయలుదేరిన, ప్రవాహమునకు ఎదురు పోవును. పెట్టెలో కూర్చుండుటకు చోటు దొరకును. అదే దూరము, అదే టిక్కెట్టు, కాని ప్రయాణము వేరు. అంచున నున్నవారు చేయదగిన పని ఒకటి కలదు: ఉదయము తొందరపడక, పదకొండు గంటల తరువాత బయలుదేరి, రాత్రి భోజనము చేసి తొమ్మిది దాటిన పిమ్మట మరలుట. అట్లు చేసినచో గంటల సంఖ్య తగ్గదు గాని ప్రయాణము సుఖమగును. పసిబిడ్డలున్నవారికి ఈ ఉపాయము చెల్లదు.

రాత్రి మరలుటకును హద్దు ఉన్నది. అర్ధరాత్రి దాటిన కొంతసేపటికి లోకలు రైళ్లు ఆగిపోయి, మరల తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతమున బయలుదేరును. ఆదివారములందు పట్టాల మరమ్మతు కొరకు కొన్ని మార్గములలో కొన్ని గంటలపాటు బండ్లను నిలిపివేయుదురు. వానకాలపు సంగతి చెప్పనక్కరలేదు. 2005 జూలై 26న శాంతాక్రూజులో ఒక్క దినమున 944 మిల్లీమీటర్ల వాన కురిసెను. పట్టాలు మునిగెను, రైళ్లు నిలిచెను, లక్షలాది జనులు కచేరీలలోను, స్టేషనులలోను రాత్రి గడిపిరి, అనేకులు మొలలోతు నీటిలో మైళ్లకొలది నడిచి ఇండ్లు చేరిరి, ప్రాణములు కోల్పోయినవారును పెక్కురు. అంతటి వాన ఏటేట రాదు. కాని జూన్ మొదలు సెప్టెంబరు వరకు ముంబయి పోవువారు, రైలు ఆగినచో బసకు ఎట్లు చేరుదుమని ఒకమారు ఆలోచించుకొనుట అనవసరపు భయము కాదు.

ఇంతవరకు వినోదయాత్రికులను గూర్చి చెప్పితిమి. నగరమునకు అందరును వినోదమునకే పోరు. ముంబయిలోని పరేలు పేటలో టాటా స్మారక ఆసుపత్రి 1941లో తెరువబడెను. క్యాన్సరు వ్యాధికి చికిత్స కొరకు దేశపు నలుమూలలనుండి రోగులు అచ్చటికి వచ్చుచుందురు; మన తెలుగు జిల్లాలనుండియు వచ్చువారు కలరు. చికిత్స ఒక దినముతో ముగియదు. వారములు, నెలలు పట్టును. పరీక్షల కొరకు ప్రొద్దుననే వరుసలో నిలువవలెను. మందుల తీవ్రతచే రోగికి ఇతర వ్యాధులను తట్టుకొను శక్తి తగ్గును గనుక జనసమ్మర్దము అపాయకరము. అట్టివానిని దినమును గంటన్నర లోకలు రైలులో నిలువబెట్టి తేవచ్చునా? చేరువనున్న గదిలో నెలలతరబడి ఉండుటకు రైతుకుటుంబమునకు ధనమెక్కడిది?

ఆ ఆసుపత్రి చుట్టుప్రక్కల కాలిబాటలమీద గుడారపు గుడ్డల క్రింద రోగుల కుటుంబములు కాపురముండుటను చూచినవారు, వీరు దూరముగా చవుక గది తీసికొనరాదా యని అందురు. అది లెక్క తెలియనివారి మాట. ఆ కుటుంబములు లెక్క వేసిచూచుకొన్న పిమ్మటనే అచ్చట పండుకొనుచున్నవి. వారికి గది వెలకంటె దూరపు వెల పెద్దది; ఆ దూరమును చెల్లింపవలసినది రోగి శరీరము. ఈ కష్టమును గుర్తించి కొందరు దాతలు చేరువలోనే వసతులు ఏర్పరచిరి. పరేలుకు తరువాతి స్టేషనైన దాదరులో గాడ్గే మహరాజు పేరిట ఒక ధర్మశాల రోగులకును వారి తోడివారికిని స్వల్పపు రుసుముతో చోటిచ్చుచున్నది. చవుకయు, చేరువయు ఒక్కచోట కలియుట వ్యాపారమున అరుదు. దానధర్మముల వలననే అది సాధ్యమగుచున్నది. అయినను చోటు కోరువారు ఎక్కువ, మంచములు తక్కువ.

బంధువుల ఇంట దిగుటయు ఒక బసయే. ముంబయి ప్రాంతమున తెలుగువారు తరతరములుగా నున్నారు. భీవండి మగ్గముల చెంత మన పద్మశాలీల కాపురములు వేలకొలది కలవు. మేనమామ ఇల్లు భీవండిలో నున్నదని సంతోషించి పోవుదుము. అద్దె లేదు, వేడి అన్నము దొరకును, మాటలాడుటకు మనవారుందురు. కాని భీవండి ఠాణాకు ఆవల నున్నది. బస్సులోనో ఆటోలోనో ఠాణాకు గాని కల్యాణునకు గాని వచ్చి అచ్చట లోకలు రైలెక్కవలెను. పరేలుకు దినమును పోవలసినవానికి ఉచితమైన ఆ గదియు ఉచితము కాదు. పెండ్లి చూడబోవువానికి అంతకంటె మంచి బస లేదు.

ఇంతకును, నడిబొడ్డన్నది పటముమీది చుక్క కాదు. మన పని ఎచ్చట నున్నదో మనకు అదియే నడిబొడ్డు. హైదరాబాదునే చూడుడు. 1591లో చార్మినారు కట్టిననాడు నగరమునకు నడుమ అదియే. రైళ్లు వచ్చిన తరువాత నాంపల్లి, ఆబిద్సు, సికింద్రాబాదు ప్రాంతములలో లాడ్జీలు వెలసెను. నేడు గచ్చిబౌలిలో పరీక్షకు గాని, కొలువు కొరకైన పిలుపునకు గాని పోవు యువకుడు, ఊరి నడుమ నున్నదిగదా యని నాంపల్లిలో దిగినచో, అతడే అంచున దిగినవాడగును. సాలార్జంగు ప్రదర్శనశాల చూడవచ్చినవాడు గచ్చిబౌలిలో ఖరీదైన గది తీసికొనినచో ఎక్కువ ధరను, ఎక్కువ దూరమును రెండింటిని కొనుక్కొన్నవాడగును.

కొత్త మార్గములు పడినప్పుడెల్ల ఈ లెక్కలు మారును. హైదరాబాదులో 2017లో మెట్రో రైలు ప్రారంభమైన పిమ్మట మియాపూరు వంటి అంచుల పేటలు నాంపల్లికి దగ్గరైనవి. కిలోమీటర్లు తగ్గలేదు, నిమిషములు తగ్గెను. ముంబయిలో ఆరేనుండి కఫ్ పరేడు వరకు భూమిక్రింద మెట్రో మార్గము 2024లో మొదలై 2025లో పూర్తియైనది; అంధేరి ప్రాంతమున బస చేసినవారికి కొసకు చేర అది మరియొక దారి. అయితే రైలు చేరువైన పేటలో అద్దెలును మెల్లగా పైకెక్కును. వాన్ ట్యూనెన్ చెప్పిన పోటీ అచ్చటను మొదలగును గదా!

బస ఎన్నుకొనునప్పుడు అడుగవలసిన ప్రశ్నలు పెద్దవి కావు. స్టేషనుకు సమీపమని ప్రకటనలో నున్నచో, ఏ స్టేషను, ఏ మార్గముననున్నదని అడుగవలెను. ముంబయిలో పడమటి మార్గము, మధ్య మార్గము, హార్బరు మార్గము వేరువేరు. ఒకదానినుండి మరియొకదానికి మారుట దాదరు, కుర్లా వంటి కొన్నిచోట్లనే సాధ్యము. పేరులో ముంబయి అని యున్నంత మాత్రమున సంతోషింపరాదు. నవీ ముంబయిలోని వాషి ఉప్పుటేటికి ఆవలి ఒడ్డున నున్నది. దూరమును కిలోమీటర్లలో గాక, గది తలుపునుండి పని తలుపువరకు నిమిషములలో కొలువవలెను. అదియు పోవలసిన వేళకు కొలువవలెను. తెల్లవారుజామున నలువది నిమిషములైనది తొమ్మిది గంటలకు గంటన్నర కావచ్చును. రెండు అంచుల నడుమ దాదరు వంటి కూడలియొద్ద దిగుట అనేకులకు అనుకూలము. పడమటి బండ్లును మధ్య మార్గపు బండ్లును అచ్చట ఆగును, అద్దె కోట ప్రాంతమంత ఉండదు. ఒక్క రాత్రికి మాత్రమే వచ్చినవారు రైల్వేవారి విశ్రాంతి గదులను ముందుగా కోరుకొనుట మంచిది.

కడపటి దినమును చాలమంది మరతురు. గదిని సాధారణముగా మధ్యాహ్నమునకు ముందే ఖాళీ చేయవలెను; మన రైలు రాత్రికి గాని కదలదు. కొసన దిగినవారు పెట్టెలను స్టేషనులోని సామానుల గదిలో అప్పగించి, చీటీ తీసికొని, సాయంకాలమువరకు సముద్రపు ఒడ్డున తిరుగవచ్చును. అంచున దిగినవారు పెట్టెలతో లోకలు రైలెక్కవలెను. ఉదయపు రద్దీలో అది కానిపని. మధ్యాహ్నము రెండు గంటలకు పెట్టె సగము ఖాళీగా నుండును. సాయంకాలమైనను భయము లేదు. ఆ వేళ జనమంతయు ఉత్తరమునకు మరలుచుండగా, స్వగ్రామమునకు పోవు యాత్రికుడు సామానులతో దక్షిణమునకు పోవుచుండును. అతనికి కూర్చుండుటకును, పెట్టెలు పెట్టుకొనుటకును చోటు దొరకును.